సూర్యకాంతం కూడా ఊదింది

"వద్దంటే వద్దే కాంతం. నా మోకాళ్ళ సంగతి నాకు తెల్దేటి?" అని వరహాలమ్మ అనడం శనివారం నుంచి అది ఏడోసారి.

సూర్యకాంతం వినిపించుకోలేదు. బుధవారం పాసింజరు బండికి జగదల్‌పూర్ వెళ్ళడం, అక్కడ మోకాళ్ళ డాక్టరుకి అత్తగారిని చూపించడం, వచ్చేటప్పుడు బజార్లో రెండు దుప్పట్లు కొనుక్కోవడం అని ఆమె పది రోజుల కిందటే నిశ్చయించింది. పదకొండేళ్ళుగా మోకాళ్ళు, మోకాళ్ళు అని బస్తర్ కొండల్లోని కిరందుల్ టౌన్‌షిప్ అంతటికీ వినిపించిన మనిషి, తీరా డాక్టరు దొరికే వేళకి నొప్పి లేదంటోంది. లేదనడంతో ఆగలేదు, మొన్న స్టూలెక్కి అటక మీంచి ఇత్తడి బిందె దింపింది. దింపుతూ కూనిరాగం తీసింది. డెబ్భై రెండేళ్ళ మనిషి కూనిరాగం తీయడం వెనక ఏదో ఉందని, బహుశా రైలెక్కడానికి బద్ధకించి నొప్పిని దాచిపెడుతోందని సూర్యకాంతం అనుమానం.

అనుమానం ఆమెకి కొత్త కాదు. పాలవాడి కొలత, పక్కింటివాళ్ళ కొళాయి, టీవీలో చెప్పే వాన, వేటినీ ఆమె మొదటిసారి చెబితే నమ్మలేదు. భర్త గవర్రాజుని అయితే తొమ్మిదేళ్ళుగా రోజూ డ్యూటీ దిగి రాగానే గుమ్మంలో ఆపి, నోటి వాసన చూసి, అప్పుడు లోపలికి రానిస్తోంది. తొమ్మిదేళ్ళ కిందట బొబ్బిలిలో ఒక పెళ్ళికి వెళ్ళి అతను తాగాడు. తాగి పెళ్ళికొడుకు కోసం పూలు కట్టిన కారులో నిద్రపోయాడు. వీధి చివరిదాకా ఊరేగింపు అతనికే జరిగింది. మర్నాడు సింహాచలం అప్పన్న మీద ఒట్టేసి మానేశాడు. మానేసిన సంగతి అతనికి తెలుసు, అప్పన్నకి తెలుసు. సూర్యకాంతానికి మాత్రం రోజూ రుజువు కావాలి.

గవర్రాజు గని కంపెనీలో షిఫ్టు బస్సు నడుపుతాడు. చీకటితో లేచి, యాభై మందిని ఎక్కించుకుని, పదిహేను మలుపులు తిప్పి కొండ మీది ఇనుప గనికి చేర్చాలి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పంతొమ్మిదేళ్ళలో అతని బండికి ఒక్క గీత పడలేదు. మిగతా విషయాల్లో అతను గొప్పలు చెప్పుకునే మనిషి కాదు గాని, ఆ సీటు గురించి మాత్రం అడక్కపోయినా చెబుతాడు. ఆ సోమవారం తెల్లవారుజామున అత్తాకోడళ్ళ మోకాళ్ళ చర్చ మధ్యలో చద్దన్నం తిని, తల్లి మాటకి ఒకసారి, భార్య మాటకి ఒకసారి తలూపి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆరున్నరకి తిరిగొచ్చేశాడు.

"బస్సు పాడైందేటి?" అంది సూర్యకాంతం.

"బస్సు బాగానే ఉంది. నాకే ఎర్రదీపం ఎలిగింది."

మెల్లిగా సంగతంతా బయటికొచ్చింది. నిన్నటిదాకా డ్రైవర్లు తాగొచ్చారో లేదో తేల్చింది గేటు దగ్గర టైంకీపరు నీలకంఠం ముక్కు. నీలకంఠానికి పన్నెండు నెలలూ జలుబే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఈ సోమవారం నుంచి యంత్రం వచ్చింది. దాని గొట్టంలో ఊదాలి. పచ్చదీపం వెలిగి సున్నా చూపిస్తే తాళాలిస్తారు. గవర్రాజు ఊదితే ఎర్రదీపం వెలిగి ఇరవై రెండు చూపించింది. నీళ్ళు పుక్కిలించమన్నారు. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించారు. మళ్ళీ ఇరవై రెండే. రిజిస్టరులో సంతకం పెట్టించి ఇంటికి పంపేశారు.

సూర్యకాంతం వాసన చూసింది, చద్దన్నంలో నంజుకున్న ఉల్లిపాయ తప్ప ఏమీ తగల్లేదు, అయినా నమ్మలేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది. మంచం కింది ట్రంకుపెట్టె, స్కూటరు డిక్కీ, దేవుడి మందసం వెనక, వాన బూట్ల లోపల చూసింది. సీసా దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా బలపడింది. అంత జాగ్రత్తగా దాచాడంటే ఇది చాలా రోజుల నుంచి జరుగుతున్న వ్యవహారం. దగ్గు మందు, గడ్డం గీసుకున్నాక రాసుకునే నీళ్ళు, హోమియో మాత్రలు, అన్నీ మూటగట్టి తన చీరల కింద పెట్టి తాళం వేసింది.

తరవాత అనుమానం తమ్ముడి మీదికి మళ్ళింది. తాతబాబు రైల్వేలో గూడ్సు గార్డు. భార్య పురిటికి వెళ్ళిందని వారం రోజులుగా రాత్రి భోజనం ఇక్కడే చేస్తున్నాడు. బావతో వీధి అరుగు మీద కూర్చుని గుసగుసలాడడం ఆమె రెండుసార్లు చూసింది. ఆ సాయంత్రం అతను రాగానే గుమ్మంలో ఆపి వాసన చూసింది.

తాతబాబు నొచ్చుకోలేదు. "నేను రోజూ బండెక్కే ముందు ఊదుతాను అప్పా. రైల్వేలో ఎప్పట్నించో ఉన్నాదిది. దానికి మనమీద పగా నేదు, పేమా నేదు. ఉన్నది సెప్తాది."

"అంటే మీ బావ తాగేడంటావు."

"నానలాగనలేదు."

"అది ఉన్నదే సెప్తాదంటే అంతే గదరా."

తాతబాబు వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు. గవర్రాజు మాత్రం, "అప్పన్న తోడు కాంతం, నాను ముట్టుకోలేదు," అన్నాడు. ఆ మాట అతను తొమ్మిదేళ్ళుగా అంటూనే ఉన్నాడు కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు.

మంగళవారం తెల్లవారుజామున సూర్యకాంతం భర్తని కంటి ముందు నుంచి కదలనివ్వలేదు. పళ్ళు రెండుసార్లు తోమించింది. స్నానాల గది తలుపు తెరిచే ఉంచమంది. తోముకున్నాక వాసన చూసింది. ఏమీ లేదు. అప్పుడామెకు తోచిందేమిటంటే, ఒంట్లో వేడి చేస్తే ఊపిరి కూడా వేడెక్కుతుంది, ఆ వేడికే యంత్రం తికమక పడి ఉంటుంది. చలవ చెయ్యాలి. ఉత్తరాంధ్ర వాళ్ళకి తరవాణిని మించిన చలవ లేదు. వరహాలమ్మ విజయనగరం నుంచి సారె తెచ్చుకున్నట్టు తెచ్చుకున్న కుండ వంటింటి మూలన ఉంటుంది. రోజూ వార్చిన గంజి అందులో పోస్తుంది, అది పులుస్తుంది, పొద్దున్నే చద్దన్నంలో పోసుకుని ఉల్లిపాయ నంజుకుని ముగ్గురూ తింటారు. సూర్యకాంతం ఆ రోజు భర్తకి మామూలు కంటే రెట్టింపు పోసింది. ఈమధ్య అత్తగారి తరవాణి కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా కూడా ఉంటోంది. కొండ నీళ్ళ మహిమ అనుకుందామె.

మలుపు దాకా వెనకే వెళ్ళి, దారిలో ఎవరూ అతని చేతికి ఏమీ ఇవ్వలేదని చూసి మరీ వచ్చింది.

గవర్రాజు ఈసారి ఆరుంబావుకే తిరిగొచ్చాడు. అంకె నలభై ఒకటికి పెరిగింది.

చేతిలో కాగితం కూడా ఉంది. బుధవారం పొద్దున్న సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గరికి వచ్చి స్వయంగా ఊదిస్తుంది. మూడోసారి కూడా ఎర్రదీపం వెలిగితే స్టీరింగు శాశ్వతంగా తీసేస్తారు. వర్కుషాపులో బస్సులు కడిగే పనికి వేస్తారు. జీతంలో పెద్ద తేడా ఉండదట. గవర్రాజు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "నా బస్సు నానే కడిగి ఇంకోడికి తాళవిస్తానన్నమాట," అన్నాడు. ఆ తరవాత గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఆ వీపును చూస్తూ సూర్యకాంతం లెక్క వేసుకుంది. ఈ రోజు మంచం దిగిన దగ్గర్నుంచి మలుపు దాకా అతను తన కళ్ళ ముందే ఉన్నాడు. తన కళ్ళను తను అనుమానించడం ఆమెకి చేతకాదు. కాబట్టి అతను తాగలేదు. అతను తాగలేదంటే అబద్ధమాడుతున్నది ఇంకెవరో. అప్పుడు గుర్తుకొచ్చింది, నీలకంఠం అల్లుడు పెద్ద బండి లైసెన్సు తీసుకుని ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు.

కూరల బండి దగ్గర ఈ మాట ఆమె ఒక్కరికే చెప్పింది. అదీ ఎవరికీ చెప్పొద్దని చెప్పింది. మధ్యాహ్నానికి టౌన్‌షిప్‌లో, నీలకంఠం యంత్రంలో ఏదో తిప్పాడట అన్నారు. మూడింటికి, గవర్రాజు వంతు రాగానే కాలితో ఒక మీట నొక్కాడట అన్నారు. నాలుగింటికి నీలకంఠం భార్య గురమ్మ వీధి మధ్యకొచ్చి, తన మొగుడు రాజాం నుంచి వచ్చినప్పట్నించీ ఎవరి సొమ్మూ ఎవరి సీటూ ఆశించలేదని సూర్యకాంతం కిటికీకి వినబడేలా చెప్పి వెళ్ళింది. చీకటి పడే వేళకి డ్రైవర్లంతా ఒకటయ్యారు. యంత్రం మంచిదని తేలేవరకు ఎవరూ ఊదేది లేదన్నారు.

బుధవారం తెల్లవారేసరికి గేటు దగ్గర ఆరు బస్సులు నిలిచిపోయి ఉన్నాయి. షిఫ్టుకి వెళ్ళవలసిన మూడు వందల మంది టిఫిను డబ్బాలతో రోడ్డు మీద నిలబడ్డారు. దిగవలసిన షిఫ్టు కొండ మీద ఉండిపోయింది. సేఫ్టీ ఆఫీసరు ఒక చిన్న వయసు బీహారు అమ్మాయి. బల్ల మీద యంత్రాన్ని పెట్టుకుని, దీన్ని నిన్న సాయంత్రమే మళ్ళీ పరీక్ష చేయించానని హిందీలో ఎంత చెబుతున్నా డ్రైవర్లు వినడం లేదు. గవర్రాజు పక్కన ఒక్కడే నిలబడి తన బస్సు వైపు చూస్తున్నాడు.

సూర్యకాంతం గట్టిగా చద్దన్నం తిని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. జగదల్‌పూర్ ప్రయాణానికి తీసిపెట్టుకున్న చీర అది. జనం దారిచ్చారు. ఆమె నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి తనకొచ్చిన హిందీలో ఆఫీసరుకి చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచి నేను మందు ముట్టలేదు. ఈ సంగతి కిరందుల్లో కుక్కకి కూడా తెలుసు. నేను ఊదుతాను. దీపం ఎర్రగా వెలిగితే యంత్రం అబద్ధాలకోరని అందరూ ఒప్పుకోవాలి. పచ్చగా వెలిగితే నా మొగుణ్ణి మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి.

గవర్రాజు తలెత్తి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఆఫీసరు కొత్త గొట్టం తొడిగింది. సూర్యకాంతం ఊదింది.

ఎర్రదీపం. నలభై నాలుగు.

డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. "చూశారా, అమ్మగారికే ఎలిగింది," అని ఒకరు, పారెయ్యండి దీన్ని అని ఇంకొకరు. సూర్యకాంతం గెలిచినట్టే చుట్టూ చూసింది. ఆఫీసరు మాత్రం ఇంకో గొట్టం తొడిగి తను ఊదింది. పచ్చదీపం, సున్నా. నీలకంఠాన్ని ఊదమంది. సున్నా. గొడవ చూడడానికి వచ్చిన గురమ్మ కొంగు నడుముకి చుట్టి ముందుకొచ్చి తానే అడిగి ఊదింది. సున్నా. ఇది చూసి డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి ఊదారు. సున్నా, సున్నా, సున్నా. పదకొండు మంది ఊదాక చప్పట్లు ఆగిపోయాయి. మూడు వందల మంది గవర్రాజుని, సూర్యకాంతాన్ని మార్చి మార్చి చూడడం మొదలుపెట్టారు.

"ఇద్దరూ కలిసే పుచ్చుకుంటారు కామోసు," అంది గురమ్మ, పెద్దగా ఏం కాదు, పక్కవాళ్ళకి వినబడేంత.

ఇంతకాలం సూర్యకాంతం ఊరందరినీ అనుమానించింది. ఊరు తనను అనుమానించినప్పుడు ఎలా నిలబడాలో ఆమెకి తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు. నాను ముట్టుకోలేదు అందామని నోరు తెరిచింది. ఆ మాట తొమ్మిదేళ్ళుగా ఎవరిదో గుర్తొచ్చి మూసుకుంది.

ఈలోగా ఈ కబురు ఇంటికి చేరిపోయింది. కోడలు గేటు దగ్గర తాగి పట్టుబడిందని చెప్పారట. క్వార్టర్ల నుంచి గేటు దాకా ఎత్తుదారి. వరహాలమ్మ ఆ దారంతా చేతికర్ర లేకుండా, ఆటో కోసం చూడకుండా, విసవిసా నడిచి వచ్చింది. పదకొండేళ్ళలో ఆమె అంత నడవడం ఎవరూ చూడలేదు.

"ఎవులురా మా కోడల్ని అన్నోలు?" అంది వస్తూనే. "అది నోరు మంచిది కాదు గానీ మనిషి మంచిది. మా యింట్లో శనివారం ఉల్లిపాయ కూడా తరగం. ఏదీ, అదేటో నాకివ్వండి."

ఆఫీసరు మొహమాటపడింది. ముసలావిడ గొట్టం లాక్కుని, కళ్ళు మూసుకుని, అప్పన్నని తలుచుకుని ఊదింది.

డెబ్భై ఎనిమిది.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా అందరూ మరీ ఆశ్చర్యపోయి ఉన్నారు. ఆఫీసరు వరహాలమ్మకి కుర్చీ వేయించి, పొద్దున్న ముగ్గురూ ఏం తిన్నారో అడిగింది. తరవాణి అన్నం అంది వరహాలమ్మ. అదేమిటో నీలకంఠం ఆఫీసరుకి హిందీలో విడమరిచి చెప్పి, మా ఇంట్లోనూ రోజూ అదేనని, తను ఇవాళ కూడా తినే వచ్చానని, తనకి సున్నా వచ్చింది కదా అని కూడా చెప్పాడు. తరవాత వరహాలమ్మ వైపు వంగాడు.

"పిన్నీ, మీ కుండలో గంజి కాకుండా ఏటైనా ఏస్తారా?"

"ఏస్తానెందుకెయ్యను," అంది వరహాలమ్మ కాస్త గర్వంగా. "ఇప్పపూలు. నాలుగు గుప్పిళ్ళు గుడ్డలో మూటగట్టి కుండలో ఏలాడేస్తాను. మూడ్రోజులకోపాలి మారుస్తాను. నెల్లాళ్ళయింది. నా మోకాళ్ళు సూడు, ఇప్పుడు కొండెక్కమన్నా ఎక్కుతాను."

ఇప్పపూలు అన్న మాట వినగానే జనంలో స్థానికులు ముందుగా నవ్వు ఆపుకుంటూ తలలు దించుకున్నారు. బస్తర్‌లో పుట్టినవాళ్ళకి ఆ పైన చెప్పవలసిన అవసరం లేదు. మిగతావాళ్ళకి హిడ్మే చెప్పింది. హిడ్మే తెలుగు సరిహద్దులోని మరైగూడ వైపు మనిషి. గేటు పక్కన గంపలో ఆకుకూరలు, చింతపండు, ఎండిన ఇప్పపూలు పెట్టుకుని అమ్ముతుంది. పూలు ఇచ్చింది నువ్వేనా అని నీలకంఠం అడిగితే లేచి నిలబడింది.

"నేనే ఇచ్చిన. మోకాలు నొప్పంటే నువ్వులేసి వేయించుకొని తినమన్న. పులిసిన కుండల ఏయమన్ననా? పులిసిన దాంట్ల ఇప్పపువ్వు ఏస్తే ఏమైతది, మందే అయితది. మేం గట్లనే చేస్తం. గానీ తాగి బస్సు తోలం."

అప్పుడు నవ్వారు. మూడు వందల మంది టిఫిను డబ్బాలు కింద పెట్టి మరీ నవ్వారు. నీలకంఠం నవ్వాడు, గురమ్మ నవ్వింది, ఆఫీసరు మొహం పక్కకి తిప్పుకుంది. వరహాలమ్మకి ఎవరెందుకు నవ్వుతున్నారో తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. తెలిశాక చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నవ్వనివాడు గవర్రాజు ఒక్కడే. అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"అయితే ఇది నిజవే సెప్పింది," అన్నాడు యంత్రాన్ని చూస్తూ. "నెల్లాళ్ళు యాభై మందిని నాను అలాగే కొండెక్కించినాను. తెలీకుండానే గానీ, ఎక్కించినాను."

నవ్వులు తగ్గాయి. ఆ యాభై మందిలో చాలామంది అక్కడే ఉన్నారు. తాళాలు ఈరోజు నాకివ్వొద్దని అతను ఆఫీసరుకి తనే చెప్పాడు. ఆమె రిజిస్టరులో చాలాసేపు రాసింది. తెలిసి తాగింది కాదు కాబట్టి విచారణ లేదు, వర్కుషాపు లేదు. ఈ పూటకి బస్సు ఇంకొకరు నడుపుతారు. మూడు రోజులు వరసగా సున్నా చూపిస్తే నాలుగో రోజు అతని సీటు అతనిదే. గవర్రాజు కింద సంతకం పెట్టడానికి వంగాడు. సూర్యకాంతం ముందుకొచ్చి రిజిస్టరు జారిపోకుండా ఒక మూల పట్టుకుంది. పక్కనే ఉన్న నీలకంఠానికి, సాయంత్రం గురమ్మని తీసుకుని ఇంటికి రమ్మని చెప్పింది. అంతకు మించిన క్షమాపణ ఆమె జన్మలో ఎవరికీ చెప్పలేదు.

రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. ముగ్గురూ ఎత్తుదారి దిగి ఇంటికి నడిచారు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ వరహాలమ్మకి నమస్కారం పెట్టారు. మామూలు కంటే కొంచెం వంగి పెట్టారు.

సాయంత్రం తాతబాబు వచ్చేసరికి సంగతి రైల్వే కాలనీ దాకా పాకింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. సూర్యకాంతం అతని వాసన చూడలేదు. లోపలికి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది. నీలకంఠం దంపతులు టీ తాగి వెళ్ళాక, నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆ కుండని ఎప్పుడు పారేస్తారా అని ఎవరికి వారు ఎదురుచూస్తున్నారు. చివరికి తాతబాబు, కావాలంటే రేపు బండెక్కేటప్పుడు పట్టుకెళ్ళి దూరంగా ఎక్కడైనా పారబోస్తానన్నాడు.

వరహాలమ్మ అన్నం కలుపుకోవడం పూర్తి చేసింది. తల ఎత్తకుండా, గొంతు పెంచకుండా చెప్పింది.

"పారబొయ్యక్కర్నేదు. రేపట్నించి ఇంట్లో రెండు కుండలు. వట్టి గంజిది డ్యూటీ ఉన్నోలికి. పూలది డ్యూటీ లేనోలికి."

గవర్రాజు బావమరిది వైపు చూశాడు. తాతబాబు కంచం వైపు చూశాడు. ఇంటెడు చాకిరీ డ్యూటీ కాదా అని ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పోట్లాడుతూ వచ్చిన సూర్యకాంతం, ఆ పూట మాత్రం ఆ ప్రస్తావన తేలేదు.